మాట్లు వేసేవాడు చెప్పిన కథ

పెళ్లయి కాపురం పెట్టేనాటికి ఆ ఇంట్లో ఒక పళ్లెం గానీ, ఒక చెంచా గానీ లేదట. ఇది ఇరుగుపొరుగు చెప్పుకున్న మాట కాదు, ఆ ఇంటాయనే తరవాత రాసుకున్నాడు. విచిత్రమేమిటంటే ఆయన వృత్తి ఊరందరి గిన్నెలకీ మాట్లు వేయడం! కొత్త పెళ్లికూతురు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది రెండే రెండు పుస్తకాలు. పోతూ పోతూ తండ్రి ఆమెకి మిగిల్చిన భక్తి పుస్తకాలవి. ‘కోడలు ఏం తెచ్చింది?’ అని అడిగే అమ్మలక్కలు అక్కడా ఉండే ఉంటారు. రెండు పుస్తకాలని చెబితే మూతి తిప్పుకునీ ఉంటారు. కానీ ఆ రెండు పుస్తకాలే ఆ ఇంటి తీరు మార్చాయి. సాయంత్రాలు భార్యాభర్తలిద్దరూ కలిసి వాటిని చదువుకునేవాళ్లు. ఆ ఇల్లాలి పేరేమిటో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఆమె మొగుడి పేరు జాన్ బన్యన్. ఆయన రాసిన యాత్రికుడి కథని మూడు వందల ఏళ్లకి పైగా క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కన పెట్టుకుని చదువుతున్నారు. మా వీధిలో ఒక పెద్దావిడ దగ్గర దాని తెలుగు అనువాదం చూశాక నాకు ఈయన గురించి తెలుసుకోవాలనిపించింది.

బన్యన్ 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రిదీ అదే పని. కుంపటి, సుత్తి, చిన్న దాగలి పట్టుకుని ఊరూరా తిరిగి సొట్టలు తీయడం, చిల్లులు పూడ్చడం. మన చిన్నప్పుడు వీధుల్లోకి వచ్చేవాళ్లు గుర్తున్నారు కదా? రాగిబిందెలకి మాట్లు వేస్తాం, ఇత్తడి గిన్నెలకి కళాయి పోస్తాం అని కేక వేస్తే మా అమ్మ అటక మీది సామానంతా దింపేది. ఆ కొలిమి చుట్టూ పిల్లలం మూగి కూర్చునేవాళ్లం. అతను పని చేసుకుంటూనే ఏ ఊళ్లో ఏం జరిగిందో చెబుతూ ఉండేవాడు. స్టీలు వచ్చాక, ఆ తరవాత ప్లాస్టిక్ వచ్చాక వాళ్లు మాయమయ్యారు. పది ఊళ్లు తిరిగి పదిమంది గుమ్మాల ముందు కూర్చునేవాడికి తెలిసినన్ని మనుషుల సంగతులు ఇంకెవరికి తెలుస్తాయి? బన్యన్ కథలో కనిపించే వాగుడుకాయలు, పిసినార్లు, పెద్దమనుషుల్లా నటించేవాళ్లు అందరూ ఆ గుమ్మాల దగ్గర తగిలినవాళ్లే అయి ఉంటారని నా అనుమానం.

చదువు నామమాత్రం. బడిలో రాయడం, చదవడం నేర్చుకున్నాడు, అదీ చాలావరకు మరిచిపోయానని ఆయనే చెప్పుకున్నాడు. 1644లో, పదిహేనేళ్లు నిండిన వయసులో తల్లి పోయింది. నెల తిరక్కుండానే చెల్లెలు పోయింది. కొద్ది రోజులకే తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడు కుర్రాడు సైన్యంలో చేరాడు. అప్పుడు ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతోంది. ఒకసారి ఇతను కాపలాకి వెళ్లాల్సిన చోటికి నేను వెళతానని ఇంకొకతను వెళ్లాడు. అతనికి తలలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. నేను చావాల్సిన చోట వాడు చచ్చాడన్న ఆలోచన బన్యన్‌ని చాలాకాలం వదల్లేదు.

పెళ్లి 1649 ప్రాంతంలో జరిగింది. మొదటి బిడ్డ మేరీకి పుట్టుకతోనే చూపు లేదు. తరవాత ఇంకో ముగ్గురు పుట్టారు.

ఎండలో కూర్చున్న ఆడవాళ్లు

బన్యన్ జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వెళ్లాడు. ఒక వీధిలో ముగ్గురు నలుగురు పేద ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అప్పటికి ఈయనకి భక్తి గురించి నాకు చాలా తెలుసునన్న ధీమా ఉంది. చర్చికి వెళతాడు, ఒట్లు పెట్టుకోవడం మానేశాడు, డాన్సులు మానేశాడు. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో విందామని దగ్గరికి వెళ్లాడు. తీరా వింటే వాళ్ల మాటల్లో సగం అర్థం కాలేదు. వాళ్లు దేవుడి గురించి పెద్ద శాస్త్రం చెప్పడం లేదు. తమ మనసులో జరిగిన మార్పు గురించి, తమకి ఆ దేవుడు ఇచ్చిన ఓదార్పు గురించి, ఇంటి సంగతి చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుంటున్నారు. ఆ మాటల వెనక ఉన్న సంతోషం చూసి బన్యన్‌కి తన భక్తి పైపై పూతేనని తెలిసిపోయింది. మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లే తమ గురువు జాన్ గిఫర్డ్ దగ్గరికి తీసుకువెళ్లారు.

ఆడవాళ్లు నలుగురు చేరితే ఊసుపోని కబుర్లే అని మనల్ని తీసిపారేసేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి. బన్యన్ తరవాత రాసిన కథ అంతా ఆ గుమ్మం దగ్గరి భాషలోనే ఉంది, బడిలో నేర్చిన భాషలో కాదు.

కొన్నాళ్లకి ఆయన తనే చెప్పడం మొదలుపెట్టాడు. పొలాల్లో, కొట్టాల్లో, ఎవరింట్లో పిలిస్తే వాళ్లింట్లో. మాట్లు వేసేవాడు మతం చెప్పడమేమిటని చదువుకున్నవాళ్లు ఎగతాళి చేశారు. వినేవాళ్లు మాత్రం వందలమంది వచ్చేవాళ్లు.

ఎలిజబెత్ వాదన

1658లో మొదటి భార్య చనిపోయింది. నలుగురు పిల్లలు, అందులో ఒకరికి చూపు లేదు. మరుసటి సంవత్సరం ఎలిజబెత్ అనే అమ్మాయి ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. 1660లో రెండో చార్లెస్ రాజు గద్దె ఎక్కాడు. ప్రభుత్వ చర్చికి బయట, అనుమతి లేకుండా మీటింగులు పెట్టడం మీద మళ్లీ కట్టుదిట్టాలు వచ్చాయి. ఆ నవంబరు 12న ఒక పల్లెలో బోధించబోతుండగా బన్యన్‌ని పట్టుకున్నారు. వారెంటు వచ్చిందని ముందే తెలిసింది, తప్పించుకునే అవకాశమూ ఉంది, కానీ వెళ్లలేదు.

ఎలిజబెత్ అప్పుడు గర్భిణి. భర్తని పట్టుకుపోయారన్న కబురు వినగానే నెప్పులు మొదలయ్యాయి. ఎనిమిది రోజులు బాధపడి కన్నది, బిడ్డ దక్కలేదు.

మొదట వేసిన శిక్ష మూడు నెలలు. ఇకమీదట బోధించనని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ మూడు నెలలు పన్నెండేళ్లు అయ్యాయి.

ఎలిజబెత్ ఇంట్లో కూర్చుని ఏడవలేదు. లండన్ వెళ్లి పెద్దల సభకి అర్జీ ఇచ్చింది. 1661 ఆగస్టులో జడ్జీలు బెడ్‌ఫర్డ్ వచ్చినప్పుడు మాథ్యూ హేల్ అనే జడ్జికి అర్జీ అందించింది. ఆయన మెత్తగా మాట్లాడాడు, చేయగలిగింది చేస్తానన్నాడు. మరునాడు ట్విస్‌డెన్ అనే ఇంకో జడ్జి గుర్రబ్బండిలో పోతుంటే ఆ బండిలోకే అర్జీ విసిరేసింది! ఆయన కసురుకున్నాడు. అయినా తగ్గకుండా స్వాన్ అనే సత్రంలో జడ్జీలూ, ఊరి పెద్దమనుషులూ కూర్చున్న గదిలోకి నేరుగా వెళ్లింది. పిల్లలు నలుగురు, ఒకరికి చూపు లేదు, పదిమంది దయతో బతుకుతున్నామని చెప్పింది. ఇంత చిన్నదానివి, నలుగురు పిల్లలా అని జడ్జి హేల్ ఆశ్చర్యపోతే, సవతి తల్లినని చెప్పి, తన బిడ్డ పోయిన సంగతీ చెప్పింది. నీ మొగుడి వృత్తేమిటని అడిగారు. గిన్నెలు బాగుచేస్తాడని పక్కన ఎవరో అందించారు. అవును, పేదవాడు, గిన్నెలు బాగుచేసుకునేవాడు కాబట్టే అతనికి న్యాయం దొరకదు అని ఆమె అక్కడికక్కడే అనేసింది. బోధించడం మానేస్తాడా అని అడిగితే, నోట మాట ఉన్నంతవరకు మానడని తేల్చి చెప్పింది.

ఇరవై ఏళ్లు కూడా నిండాయో లేదో అనిపించే ఆ పిల్ల అంతమంది మగవాళ్ల ముందు అలా నిలబడిందంటే నాకు బన్యన్ కన్నా ఆమె మీదే గౌరవం ఎక్కువ కలిగింది. చట్టం మాత్రం కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ‘ఇక చెప్పను’ అని ఒక్క ముక్క అంటే ఇంటికి వచ్చేవాడు కదా? పిల్లల్ని పెంచినవాళ్లకి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. సిద్ధాంతం ఆయనది, పస్తులు ఆవిడవీ పిల్లలవీ. ఆ బాధ ఆయనకీ లేకపోలేదు. చూపు లేని బిడ్డని ఎవరు కొడతారో, ఎవరి గుమ్మంలో అడుక్కుంటుందో అని జైల్లో కుమిలిపోయినట్టు రాసుకున్నాడు. జైల్లో కూర్చుని మొనలున్న లేసుతాళ్లు అల్లి అమ్మించాడు. ఒకటీ రెండూ కాదు, వందల గ్రోసులు. గ్రోసంటే నూట నలభై నాలుగని మనకి తెలుసు. లెక్క కట్టుకోండి. మేరీ రోజూ ఒక కూజాలో తండ్రికి సూపు తీసుకువెళ్లేదని చెబుతారు. ఆ కూజా అని చెప్పేదాన్ని బెడ్‌ఫర్డ్‌లో బన్యన్ మ్యూజియంలో భద్రపరిచారు. ఆయన దాగలీ, లోహపు రేకుతో తనే చేసుకున్న ఫిడేలూ కూడా అక్కడే ఉన్నాయి. ఇన్ని చెప్పుకున్నాక కూడా, ఆయన చేసింది ఒప్పా తప్పా అంటే నేను చప్పున జవాబు చెప్పలేను. ఎలిజబెత్ మాత్రం ఒప్పుకోమని ఆయన్ని ఒక్కసారి కూడా అడిగినట్టు ఎక్కడా లేదు.

ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి

జైల్లో ఉండగానే ఆ కథ మొదలుపెట్టాడని ఎక్కువమంది చెబుతారు. 1672లో విడుదలయ్యాడు, మళ్లీ కొన్ని నెలలు లోపలికి వెళ్లాడు. పుస్తకం 1678లో అచ్చయింది. వెల ఒకటిన్నర షిల్లింగు. అచ్చు వేయాలా వద్దా అని ముందు స్నేహితుల్ని అడిగితే కొందరు వేయమన్నారు, కొందరు వద్దన్నారట. దేవుడి సంగతులు కాకమ్మ కథల్లా చెప్పడమేమిటని వాళ్ల అభ్యంతరం. చివరికి ఆయనే తెగించి ఇచ్చేశాడు.

కథ చాలా మామూలుగా మొదలవుతుంది. చిరిగిన బట్టలు, వీపు మీద పెద్ద మూట, చేతిలో పుస్తకం ఉన్న ఒక మనిషి. పేరు క్రిస్టియన్. తనుండే ఊరు కాలిపోతుందని భయపడి దేవుడి పట్నానికి బయలుదేరతాడు. దారిలో ఊబి, కొండ, లోయ, సంత. సంతలో బంగారం, పదవులు, ఇళ్లు, చివరికి మనుషుల ప్రాణాలు కూడా అమ్ముతారు. ఆ సంత పేరునే తరవాత థాకరే తన నవలకి పెట్టుకున్నాడు. నిరాశ అనే రాక్షసుడు యాత్రికుల్ని కోటలో బంధిస్తాడు. ఇందులో నాకు నవ్వొచ్చిన విషయం ఒకటుంది. ఆ రాక్షసుడికీ ఒక పెళ్లాం ఉంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు, వాళ్లని ఏం చేయమంటావే అని ఆవిడ్ని అడుగుతాడు! ఆవిడ చెప్పినట్టే పొద్దున్న చేస్తాడు. చివరికి తన చొక్కాలోనే ఒక తాళంచెవి ఉందని క్రిస్టియన్‌కి గుర్తొస్తుంది. అన్ని రోజులూ దెబ్బలు తిన్నాడు, తాళంచెవి మాత్రం తన దగ్గరే ఉంది. దాని పేరు వాగ్దానం.

ఇంకో ఇల్లు ఉంది, అందులో ఇంటాయన యాత్రికులకి ఒక్కొక్క గదీ చూపించి అర్థం చెబుతాడు. ఒక గది నిండా దుమ్ము. ఎన్నడూ ఊడ్చింది లేదు. ఒకతను వచ్చి చీపురు పట్టి ఊడవడం మొదలుపెట్టగానే దుమ్ము లేచి ఊపిరాడదు. అప్పుడు ఒక అమ్మాయిని పిలిచి నీళ్లు చల్లమంటాడు. చల్లి ఊడిస్తే గది శుభ్రమైపోతుంది. ఆ గది మనిషి మనసట. ఊరికే నియమాలతో, దండనతో ఊడిస్తే లోపలున్నది పైకి లేచి ఉక్కిరిబిక్కిరి చేస్తుందే గానీ పోదట. దయ అనే నీళ్లు చల్లాకే పోతుందట. వాకిలి ఊడ్చే మనకి ఇందులో ఒకరు విప్పి చెప్పాల్సింది ఏమైనా ఉందా? ఆ గదిలోనే ఆ నీళ్లు చల్లిన పిల్లకి ఒక పేరైనా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంకో గదిలో ఇద్దరు పిల్లలు. ఒకడికి అన్నీ ఇప్పుడే కావాలి. సంచీడు సొమ్ము తెచ్చి ముందు పోస్తే ఎగిరి గంతేస్తాడు, రెండోవాడిని చూసి నవ్వుతాడు. కాసేపట్లో అంతా తగలేసుకుని చింకిపాతలు మిగులుతాయి. రెండోవాడు ఓపిగ్గా కూర్చుంటాడు. మా ఇంట్లో పండక్కి కొన్న మిఠాయి డబ్బా దగ్గర ఏటా జరిగే తంతు ఇదే.

భార్య కూడా బయలుదేరింది

మొదటి భాగం చదివినప్పుడు నాకు కష్టమనిపించింది ఒకటే. క్రిస్టియన్ బయలుదేరుతుంటే భార్యాపిల్లలు వెనక నుంచి రమ్మని కేకలు వేస్తారు. అతను చెవుల్లో వేళ్లు పెట్టుకుని పరిగెడతాడు. మోక్షం అతనికి, మరి వీళ్లకి? ఈ ప్రశ్న అప్పటి పాఠకులు అడిగారో, ఇంట్లో ఎలిజబెత్ అడిగిందో మరి, 1684లో రెండో భాగం వచ్చింది. ఈసారి యాత్ర చేసేది క్రిస్టియన్ భార్య క్రిస్టియానా. నలుగురు కొడుకుల్ని వెంటపెట్టుకుని, మెర్సీ అనే పొరుగింటి అమ్మాయిని తోడు తీసుకుని బయలుదేరుతుంది.

మగవాడి యాత్రకీ, పిల్లల తల్లి యాత్రకీ తేడా చూడండి. అతను ఒంటరిగా రాక్షసులతో పోట్లాడుకుంటూ గబగబా వెళ్లిపోయాడు. ఈవిడకి దారిలో ఆగాల్సిన పనులెన్నో! పెద్దవాడు మాథ్యూ గోడ మీంచి వేలాడుతున్న పరాయి తోటలోని కాయలు తెంపుకు తింటాడు. తల్లి మందలిస్తుంది, వాడు వినడు. కొన్నాళ్లకి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతాడు. వైద్యుణ్ణి పిలిపిస్తారు. మాత్ర వేసుకోనని వాడు మారాం చేస్తాడు. తల్లి ఆ మాత్రని నాలుక కొసతో రుచి చూసి తియ్యగా ఉందని చెప్పి వేయిస్తుంది. ఇది భక్తి గ్రంథంలో ఉందంటే నమ్ముతారా? పిల్లాడికి మందు పట్టించడం చూసినవాడే రాయగలడు.

మెర్సీకి ఒక సంబంధం కూడా వస్తుంది. వచ్చినతను కులాసాగా ఉంటాడు, భక్తి మాటలూ చెబుతాడు. ఈ పిల్ల ఎప్పుడు చూసినా కుడుతూ అల్లుతూ ఉంటుంది. మంచి సంపాదనాపరురాలని మురిసిపోతాడు. రోజుకి ఎంత వస్తుందని ఆరా తీస్తాడు. ఇవన్నీ బట్టల్లేని పేదవాళ్లకి ఊరికే ఇవ్వడానికి కుడుతున్నానని చెప్పేసరికి మెల్లగా రావడం మానేస్తాడు. ఆ పెళ్లికొడుకు మీ చుట్టాల్లో ఎవరినైనా గుర్తుచేశాడా?

కోడిపెట్ట తన పిల్లల్ని నాలుగు రకాలుగా పిలుస్తుందని కూడా ఇందులోనే ఉంది. మామూలు పిలుపు ఒకటి, గింజలు దొరికినప్పుడు ఒకటి, రెక్కల కిందికి రమ్మనేది ఒకటి, గద్ద కనిపిస్తే వేసే కేక ఒకటి. దేవుడు మనిషిని పిలిచేదీ అలాగే అంటాడు. పెరట్లో కోళ్లున్నవాళ్లు విని చూడండి.

నవ్వినవాళ్లు, చదివినవాళ్లు

మొదటి భాగం ఆయన బతికుండగానే పదకొండు ముద్రణలు పడింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది పనిమనుషులు, రైతులు, చేతివృత్తుల వాళ్లు. చవక కాగితం మీద అచ్చయి పేదల ఇళ్లకి చేరింది. పండితులు మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు. వందేళ్ల తరవాత విలియం కూపర్ అనే కవి బన్యన్‌ని మెచ్చుకుంటూ పద్యం రాసి, పేరు చెబితే జనం నవ్వుతారని పేరు మాత్రం రాయలేదు! 1830లో మెకాలే ఈ పుస్తకాన్ని ఆకాశానికెత్తాడు. మన దేశంలో ఇంగ్లీషు చదువులు పెట్టించిన మెకాలేనే. ఇందులో పల్లెటూరి రైతుకి అర్థంకాని మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చనీ, అదే దాని గొప్పతనమనీ ఆయన వాదన. అమెరికాలో లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ విమెన్’లో నలుగురు అక్కచెల్లెళ్లు చిన్నప్పుడు మూటలు కట్టుకుని మేడమెట్లెక్కి ఆడుకున్నది ఈ కథే. మిషనరీలు వెళ్లిన చోటల్లా బైబిలు తరవాత దీన్నే అనువాదం చేయించారు. రెండు వందలకి పైగా భాషల్లో వచ్చిందంటారు. తెలుగులోకి అలాగే వచ్చింది.

వృత్తి పనివాళ్ల నోట భక్తి పలకడం మనకి కొత్త కాదు. కుమ్మరి ఇంట మొల్ల రామాయణం రాసింది, కబీరు మగ్గం మీద నేశాడు.

బన్యన్ చివరి ప్రయాణం కూడా ఒక ఇంటి గొడవ గురించే. కోపం వచ్చిన తండ్రికీ కొడుక్కీ రాజీ కుదర్చడానికి రెడింగ్ దాకా వెళ్లాడు. కుదిర్చి, అక్కణ్ణించి గుర్రం మీద లండన్ వస్తుంటే వానలో తడిసి జ్వరం తగిలింది. స్నో హిల్‌లో కిరాణా కొట్టు నడిపే ఒక స్నేహితుడి ఇంట్లో 1688 ఆగస్టు 31న పోయాడు. లెక్క చూస్తే మిగిలిన ఆస్తి నలభై రెండు పౌన్లు, పంతొమ్మిది షిల్లింగులు.

ఆ ఆస్తి గురించి ఒక సంగతి ఉంది. 1685లో రాజు మారాడు. మళ్లీ జైల్లో వేస్తారేమో, ఉన్నదంతా జప్తు చేస్తారేమోనని బన్యన్ భయపడ్డాడు. ఆ డిసెంబరులో తనకున్నదంతా భార్య ఎలిజబెత్ పేర రాసి సంతకం పెట్టాడు. అప్పటికి దేశమంతా తెలిసిన రచయిత. అయినా ఆ కాగితంలో తన వృత్తి ఇత్తడి పని అనే రాసుకున్నాడు. ఎవరి కంటా పడకుండా ఆ పత్రాన్ని ఇంటి గోడలో దాచాడు. భర్త పోయాక ఎలిజబెత్‌కి అది దొరకలేదు. అర్జీలు పెట్టుకోవడం అలవాటైన ఆ మనిషి, ఆస్తి కోసం మళ్లీ కోర్టుకే వెళ్లాల్సి వచ్చింది. మూడేళ్లకి ఆవిడా పోయింది. 1838లో ఆ పాత ఇల్లు పడగొడుతుంటే గోడలోంచి ఆ కాగితం బయటపడింది.